పురుగు తోలు, మనిషి తోలు

నా కుడి చేతిని చూసి అయ్యో పాపం అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. వాళ్లకంటే, ఆ చెయ్యి బాగుపడింది తనవల్లేనని ఇంటింటికీ చెప్పుకొని తిరిగిన మా వదిన అంటే ఇంకా మంట. ఆమె పోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు. నేను మాట్లాడను. నలభై దాటాక, పిల్లలు నవ్వుతుంటే కూర్చొని అక్షరాలు దిద్దుకున్నది అబద్ధాలు రాయడానికి కాదు.

తొంభైల్లో నేను హిందూపురంలో పట్టు తీసే షెడ్డులో పనిచేసేదాన్ని. మార్కెట్ నుంచి పట్టుగూళ్లు బస్తాల్లో వస్తాయి. వాటిని బానలో ఉడికించి, వేడినీళ్ల తొట్టిలో వేస్తారు. గూడు మీద మొదట చిక్కుచిక్కుగా పీచు ఊడుతుంది. ఆ పీచు తీసేస్తే అసలు పోగు కొస దొరుకుతుంది. ఆ కొసను వెతికేది కళ్లు కాదు, వేళ్లు. తొట్టి ముందు కూర్చున్న ఆడదానికి కుడి చెయ్యి చక్కగా మూసుకొని తెరుచుకున్నంత కాలమే చోటు. చెయ్యి మొండికేస్తే ఆ చోట్లో కూర్చునేందుకు వాకిట్లో నలుగురు నిలబడి ఉండేవాళ్లు. యజమానికి ముఖాలతో పనిలేదు.

పచ్చి పోగు వేలిని కోస్తుంది. అప్పుడు మేమందరం చేసేది ఒకటే. పారేసే పీచులోంచి చిటికెడు తీసి కోత మీద అంటించేవాళ్లం. పీచులో బంక ఉంటుంది. ఆరితే అతుక్కొని గట్టిపడుతుంది, రక్తం ఆగుతుంది. దాన్ని ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు, పనిలో పడి మరిచిపోయేవాళ్లం. కొన్నాళ్లకు అదే రాలిపోతుంది, కింద వేలు మామూలుగా ఉంటుంది. పట్టు మహిమ అనుకునేవాళ్లం. ముట్టుకోకపోవడం మహిమ అని ఎవరికి తట్టాలి?

ఒకరోజు ఉడుకుతున్న బాన ఒరిగి, నీళ్లు నా కుడి చేతి వెనక భాగం మీద, మణికట్టు నుంచి వేళ్ల కణుపుల దాకా పడ్డాయి. నేను కునికిపాట్లు పడుతున్నానని యజమాని అందరికీ చెప్పాడు. కునికింది నేనైతే బాన కింద రాయి పగిలింది ఎవరి నిద్రకో అతనే చెప్పాలి. పక్క తొట్టి ఆడవాళ్లు చన్నీళ్లలో తడిపిన పీచును రొట్టెలాగా పరిచి నా చేతి మీద వేశారు. చల్లగానే ఉండింది. ఆ సాయంత్రమే మా ఆయన నన్ను రైలెక్కించి పెనుకొండ పక్క ఊళ్లో ఉన్న వాళ్లక్క, అంటే మా వదిన ఇంటికి తీసుకుపోయాడు. ఒంటిచేత్తో నేను వంట చేయలేను, ఆయనకు చేయడం రాదు. నన్ను అక్కడ దించి తన మూటలు మోసే పనికి మళ్లీ హిందూపురం పోయాడు.

మా వదిన పట్టుపురుగులు పెంచేది. మొగుడు పోయినా మల్బరీ తోట, పురుగుల కొట్టం ఒక్కతే నడిపించింది. ఆ గట్టితనం ఉండింది, కాదనను. ఆ గట్టితనంతోనే మా ఆయన్ని చిన్నప్పుడు ఎత్తుకొని పెంచిందట. ఆ పెంపకం ఎలాంటిదంటే, ముసలితనం వస్తున్నా అక్క ముందు ఆయన చేతులు కట్టుకొనే నిలబడేవాడు.

పురుగులు పెంచేవాళ్లకు ఒక సంగతి కళ్లముందే జరుగుతూ ఉంటుంది. పురుగు గుడ్డు నుంచి వచ్చిన తర్వాత నాలుగుసార్లు తోలు విడుస్తుంది. విడిచే ముందు ఆకు ముట్టదు, తల ఎత్తి కదలకుండా ఉంటుంది. పాత తోలు వెనక్కి జారిపోయాక కొత్త తోలుతో, పెద్ద ఆకలితో లేస్తుంది. తోలు సరిగా విడవని పురుగు చచ్చిపోతుంది. వదిన జీవితమంతా చూసింది అదే. కాబట్టి నా చెయ్యి కూడా నాలుగుసార్లు తోలు విడవాలని తేల్చేసింది. ఆమె ఒక్కతే కాదు, ఆ ఊళ్లో కొట్టాలున్న ఇళ్లన్నిట్లో కాలిన గాయానికి అదే లెక్క. చంద్రికలనే వెదురు తట్టల మీద పురుగులు గూళ్లు కట్టే ఇళ్లల్లో తప్ప ఇలాంటి వైద్యం ఇంకెక్కడా పుట్టదు.

పొద్దున్నే వచ్చేది. రాత్రంతా ఆరి పీచు రేకులాగా బిగుసుకొని ఉండేది. దాని మీద వేడినీళ్లు చిలకరించి, ఒక అంచు గోటితో లేపి, ఒక్క లాగు లాగేది. నేను అరవకూడదు. అరిస్తే పురుగులు బెదురుతాయట. పీచుతో పాటు అంచుల్లో ఉల్లిపొర లాంటిది ఒకటి తెల్లగా లేచి వచ్చేది. దాన్ని వెలుతురుకు పట్టి చూసి తృప్తిపడేది.

"చూడు, విడస్తాండాది. ఇంకొంచెం ఓర్చుకో."

మళ్లీ కొత్త పీచు. మళ్లీ మరుసటి పొద్దున లాగడం. గాయం మధ్యలో ఎర్రగా అలాగే ఉండింది. చూడ్డానికి వచ్చేవాళ్లు మాత్రం తగ్గలేదు. ఒకామె పేడ అంది, ఒకామె సున్నం అంది, ఇంకొకామె నా చెయ్యి చూసి వాళ్లింట్లో కాలి చచ్చిపోయిన ఎవరి కథో చెప్పి, కాఫీ తాగి పోయింది. చిటికెన వేలు, ఉంగరపు వేలు మెల్లగా వెనక్కి లాక్కుంటున్నాయి. గ్లాసు పట్టుకుంటే ఆ రెండూ అందులో చేరడం మానేశాయి. అది నేను చూశాను, ఇంకెవరూ చూడలేదు. ఆదివారం వచ్చిన మా ఆయనకు చూపించి ఆసుపత్రికి పోదామన్నాను. అక్కకు తెలియదా అన్నాడు. పురుగుల గురించి తెలుసు, నా గురించి తెలియదన్నాను. ఆయన లేచి బీడీ తాగడానికి పోయాడు.

వదిన ఆకు కోతకు పోయిన పూట, చీర కొంగులో చెయ్యి దాచుకొని, నేనే ఆటో ఎక్కి పెనుకొండ పోయాను. ఒక డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమె చేతిమీది పీచును ఉప్పునీళ్లతో తడుపుతూ, తొందరపడకుండా నానబెట్టింది. అంతలో వదిన వచ్చింది. ఊళ్లో నేను ఆటో ఎక్కింది ఎవరో చెప్పి ఉంటారు. ఆకు కోసే కొడవలి నడుముకు అలాగే ఉండింది. వచ్చి నా పక్కన బెంచీ మీద, తనకూ ఏదో జబ్బున్నట్టు కూర్చుంది.

"దీన్ని రోజూ పీకుతున్నారా?" అని డాక్టరమ్మ నన్ను అడిగింది.

"పీకేది కాదు మేడం, విడిపిస్తాండాం," అంది వదిన. "పురుగు నాలుగుతూర్లు తోలు విడస్తాది. ఈమె ఇంకా రెండోదాని కాడే ఉండాది."

"ఈమె పురుగా?"

"పురుగైతే ఇంత సతాయించదు."

బయట వరుసలో కూర్చున్నవాళ్లు నవ్వారు. డాక్టరమ్మ నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు ఆమె మీద కొంచెం అయినా ఇష్టం కలిగేదేమో. నన్నే కోప్పడింది. ఇన్నాళ్లు ఏం చేస్తున్నావు, నీ చెయ్యి కాదా, బుద్ధి ఉండక్కర్లేదా అని అందరి ముందూ అంది. లాగినామె పక్కనే కూర్చుంది, తిట్లు మాత్రం నాకు.

తర్వాత చెప్పిన సంగతి మాత్రం నేను మరిచిపోలేదు. తోలు అనేది కంటికి కనిపించని కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకొని నిలబడిన గోడట. ఆ పట్టుకునే చేతులు ప్రోటీన్లు. గాయమైతే అంచున ఉన్న కణాలు ఆ చేతులు సడలిస్తాయి. ముందుకు పాకడానికి వేరే ప్రోటీన్లు తయారుచేసుకుంటాయి. తడి నేలమీద అంగుళం కూడా లేని దూరాన్ని రోజుల తరబడి పాకి, రెండు పక్కల నుంచి వచ్చి కలుస్తాయి. తడిగా ఉంచి వాటి జోలికి పోకుండా ఉంటే తొందరగా కలుస్తాయి. ఎండబెట్టి బంకతో బిగించి లాగితే, పాకుతున్నవే లేచి వస్తాయి.

"మీరు వెలుతురుకు పట్టి చూసి పారేసింది పాత తోలు కాదు," అంది వదినతో. "ఆమె కొత్త తోలు."

ప్రోటీన్ అంటే పప్పు, గుడ్డు కదా, అవి రోజూ పెడుతూనే ఉన్నానని వదిన అంది. అది అబద్ధం, గుడ్డు నేను చూసింది లేదు. తినేది వేరు, ఇవి కణాలు అక్కడికక్కడ చేసుకునేవి అని డాక్టరమ్మ చెప్పింది. మరి పట్టు ఏందో చెప్పమంది వదిన.

"పట్టు కూడా ప్రోటీనే. అయితే అది పురుగు చేసుకున్నది, పురుగు కోసం."

వదిన నావైపు తిరిగింది. అంతే చాలు ఆమెకు. తర్వాతి మాట ఆమె వినలేదు. నేను విన్నాను. కొన్ని వారాల్లో గాయం మూసుకోకపోతే అడుగున గట్టిపడి వేళ్లను శాశ్వతంగా వెనక్కి లాగేస్తుందనీ, అప్పుడు పెద్దాసుపత్రిలో తొడమీది తోలు తీసి అతకాల్సి వస్తుందనీ, అతికినా పాత చెయ్యి రాదనీ చెప్పింది. తోలు అయినా ముందు రావాలి, గట్టిదనమైనా ముందు రావాలి. నా తొట్టి ముందు చోటు ఆ రెండింటి మధ్య పందెంలో పడింది. జిడ్డు మందు పూసిన జల్లెడ గుడ్డ వేసి, పైన కట్టు కట్టి, తను చెప్పేదాకా ఎవరూ విప్పకూడదని చెప్పి పంపింది.

ఇల్లు చేరామో లేదో వదిన వేడినీళ్లు పెట్టింది. ఆరోజు మా ఆయన కూడా వచ్చి ఉన్నాడు. ఆమె కట్టు విప్పి ఊరికే చూస్తానంది. కట్టు కింద గాలి ఆడక కుళ్లుతుందంది. డాక్టరే చెప్పింది కదా పట్టు కూడా అదేనని తమ్ముడికి వివరించింది. ఆయన తల ఊపాడు. ఆయన తల ఊపడం నేను పెళ్లయిన నాటి నుంచీ చూస్తున్నాను, ఎప్పుడూ నావైపు కాదు. ఆమె నా మణికట్టు పట్టుకుంది. నేను ఎడమచేత్తో నీళ్ల చెంబు తోసేశాను.

"నా చెయ్యి ముట్టుకుంటే ఈ కట్టుతోనే కొడతా వదినా."

"తిండి పెట్టేది నేను. పుండు చూసే హక్కు లేదా నాకు?"

"తిండి నీది. తోలు నాది."

"యాడికి పోతావే ఈ చేత్తో? ఎవరు పెట్టుకుంటారు నిన్ను?"

ఆ మాట నిజమే. అందుకే నాకు ఆరోజు వచ్చినంత కోపం ఇంకెప్పుడూ రాలేదు. మా ఆయన మధ్యలోకి వచ్చి, పెద్దామె కాళ్లకు మొక్కి తప్పయిందని చెప్పమన్నాడు. తెల్లారి ప్యాసింజర్ ఎక్కి ధర్మవరం పోయాను.

ధర్మవరంలో మా పిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, మగ్గం నేసేది. మనిషి ఉలిపికట్టె. నన్ను చూసి సంతోషించలేదు. ఎన్నాళ్లుంటావని గడపలోనే అడిగింది. చెయ్యి మూసుకునేదాకా అన్నాను. "నీ చెయ్యి నీది, నా మగ్గం నాది. దాని మీద మందు మరక పడితే గెంటేస్తా," అని లోపలికి పోయింది. నా జీవితంలో నాకు దొరికిన మంచి వైద్యం అదే. ఆమె ఒక్కసారి కూడా కట్టు వైపు చూడలేదు. ఎలా ఉందని అడగలేదు. ముద్ద పెట్టింది, మాట పెట్టలేదు. మగ్గం గుంటలో కాళ్లు వేసుకొని ఆమె రోజంతా దడదడలాడిస్తుంటే, నేను గోడకానుకొని చెయ్యి గుండెల మీద ఎత్తిపెట్టుకొని కూర్చునేదాన్ని. కట్టు లోపల దురదపెట్టేది. విప్పి చూడాలని నాకే ఎంత ఉండేదో. ఎడమచెయ్యి దానంతటదే ముడి దగ్గరికి పోయేది. దాన్ని తొడ కింద పెట్టుకొని కూర్చునేదాన్ని.

డాక్టరమ్మ చెప్పిన రోజున పెనుకొండకు రైల్లో పోయి కట్టు మార్పించుకునేదాన్ని. ఆమె నాతో మర్యాదగా మాట్లాడింది ఒక్కసారీ లేదు. కానీ గుడ్డ తీసేటప్పుడు ఆమె చేతులు గాలిని కూడా కదిలించేవి కావు. మొదటిసారి ఏమీ కనిపించలేదు. రెండోసారి అంచు చుట్టూ గులాబీ రంగు గీత, తడి కాగితం అంచులాగా. ఆ తర్వాత ఆ గీత లోపలికి జరిగింది. వేళ్లు వంచమని, నొప్పైనా వంచమని చెప్పింది. ధర్మవరం వచ్చే దారంతా రైల్లో వంచుతూ కూర్చున్నాను. ఎదురుగా కూర్చున్నవాళ్లు నేను ఎవరికో పిడికిలి చూపిస్తున్నాననుకొని పక్కకు జరిగారు.

అక్షరాలు వచ్చాక, రెండువేలలో ఎప్పుడో, పేపర్లో ఇదే సంగతి మళ్లీ చదివాను. చదవడమంటే వేలు పెట్టుకొని, ఒక్కో ముక్కనూ కూడబలుక్కుంటూ. చర్మ కణాలు చేసుకునే ప్రోటీన్లలో ఏది ఎక్కువైతే గాయం తొందరగా మానుతుందో వెతుకుతున్నారని రాశారు. కొన్ని కణాలను ముందుకు నడిపిస్తాయట, కొన్ని నేలను పరుస్తాయట. రెండు అంచులూ కలిసిన క్షణాన పాకడం ఆపి మళ్లీ చేతులు పట్టుకోమని చెప్పే ప్రోటీన్లు కూడా ఉన్నాయట. ఆ ఆపడం దగ్గర నేను చాలాసేపు ఆగాను. కంటికి కనిపించని దానికి ఎక్కడ వదలాలో, ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ ఆగాలో తెలుసు. మా అత్తగారి ఇంట్లో అంత పెద్ద మనుషులున్నారు, ఒక్కరికీ తెలియలేదు. ఆ పేపరు రాసినాయన కూడా చివర్లో అనవసరంగా మంచి ఆహారం తినండి, సంతోషంగా ఉండండి అని రాశాడు. నాకు గాయం మానింది కోపంలోనే. సంతోషం కోసం ఆగి ఉంటే ఇప్పటికీ కట్టుతోనే ఉండేదాన్ని.

తోలు మూసుకొంది. మధ్యలో రెండు అంచులూ కలిసిన చోట సన్నని కుట్టు లాంటి గీత పడింది. పలచగా, నిగనిగలాడుతూ, ముడతలు లేకుండా, నా ఒంటిమీద నా వయసుకు తగని తోలు అదొక్కటే. బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు పూర్తిగా వంగాయి. మిగిలిన రెండూ సగంలో ఆగిపోయాయి. అంచుల దగ్గర వదిన రోజూ ఎక్కువగా లాగింది ఆ వైపే. డాక్టరమ్మ ఇంక ఇంతే అంది. ముందే వచ్చి ఉంటే బాగుండేది అనలేదు, ఆ ఒక్క మర్యాద చేసింది.

ధర్మవరానికి ఒకరోజు వదిన, మా ఆయన వచ్చారు. పురుగులు నాలుగో తోలు విడిచి మేత మీద ఉన్నాయి, ఆకు కోసేవాళ్లు లేరు, అందుకు వచ్చారు. పిన్నమ్మ మగ్గం ఆపలేదు. వదిన నా చెయ్యి పట్టి వెలుతురుకు తిప్పింది. ఆ కొత్త తోలు మీద గోరు పెట్టి గీసి చూసింది.

"చెప్పలేదా నేను," అంది తమ్ముడితో. "నాలుగోది విడిచి ఎంత బాగా వచ్చిందో చూడు. పట్టు పెట్టింది ఎవరు?"

మా ఆయన తల ఊపాడు. నేను ఆ రెండు వేళ్లను వంచి చూపించాను, వంగినంత వరకు. వదిన వాటి వైపు చూసి, అవి ముందు నుంచే అలా ఉండేవేమో అంది. మగ్గం గుంటలోంచి పిన్నమ్మ మొదటిసారి తలెత్తి, ఆకు కోయాలంటే నీ తమ్ముడికి చేతులున్నాయి కదా అంది. ఇద్దరూ అన్నం తినకుండానే పోయారు. మంచిదే అయింది, అన్నం కూడా నలుగురికి లేదు.

తర్వాత నేనూ రైలెక్కాను, పెనుకొండలో మాత్రం దిగలేదు. నేరుగా హిందూపురం పోయి షెడ్డుకు వెళ్లాను. నా చోట్లో ఎవరో పిల్ల కూర్చొని ఉంది. యజమాని నా చెయ్యి చూసి, కూలి పని ఏదైనా చూసుకోమన్నాడు. ఒక్క వాయి వేయించి చూడమన్నాను. పిల్లను లేపి కూర్చున్నాను. కొత్త తోలుకు ఆ నీళ్లు నిప్పులాగా తగిలాయి. పైకి ఏమీ కనిపించనీయలేదు. పీచు తీసి పక్కన పడేశాను. మూడు వేళ్లతో తడిమాను. కొస దొరికింది. ఇంకోటి దొరికింది. పోగులు కలిసి పైకి లేచాయి, తెగలేదు. చిటికెన వేలు, ఉంగరపు వేలు మాత్రం నీళ్లలోకి దిగకుండా బయటే నిలబడ్డాయి.

యజమాని వంగి చూశాడు. ఆ రెండూ ఎప్పుడు వంగుతాయని అడిగాడు.

"వాటిని మా వదిన తినింది," అన్నాను.

అతనికి అర్థం కాలేదు. నీళ్లు చల్లారుతున్నాయి, వెలుతురుకు అడ్డం తప్పుకోమన్నాను.